కలెక్టర్ల కోత

ఆ రోజు పొద్దున పున్నయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. నూజివీడు వెళ్ళాలి, మామిడికాయల గంపల్లో పరచడానికి ఎండుగడ్డి మాట్లాడుకోవాలి, భోజనం వేళకు ఇల్లు చేరాలి. బజారులో ఆ పోలీసు కనిపించకపోయి ఉంటే అంతా అలాగే జరిగిపోయేది.

పున్నయ్య తోటల గుత్తదారు. నూజివీడు నుంచి ముసునూరు పోయే దారిలో, గోగులపాలెం ఊరిని ఆనుకుని ఉన్న పెద్ద మామిడితోటను ఆ ఏడు గుత్తకు తీసుకున్నాడు. అది స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవి. తోటలో రసాలున్నాయి, బంగినపల్లి ఉంది, అన్నిటికన్నా ఎక్కువగా కలెక్టరు ఉంది. కలెక్టరంటే చిలకముక్కులా కొస తిరిగిన పొడుగాటి కాయ. దోరగా ఉన్నప్పుడు ఉప్పూ కారం అద్దుకుని తింటే పళ్ళు పులిసేదాకా వదలబుద్ధి కాదు. దానికా పేరు ఎవరు పెట్టారో, ఏ దొర ముక్కు చూసి పెట్టారో ఎవరికీ తెలియదు. ఆ చుట్టుపక్కల పుట్టినవాళ్ళకు మాత్రం కలెక్టరంటే ముందు కాయ, ఆ తరువాతే ఆఫీసరు.

పూత మీద మంచు భయం, పిందె మీద గాలివాన భయం దాటుకుని వచ్చిన పున్నయ్యను చివరికి పట్టుకున్నది గోగులపాలెం పిల్లల భయం. ముళ్ళకంచెకు ఎక్కడ సందుందో గుత్తదారు కన్నా వాళ్ళకే బాగా తెలుసు. ఆ మూకను నడిపించేది ఎవరో ఊరందరికీ తెలుసు, పున్నయ్యకు తప్ప. అది అతని సొంత కూతురు సరోజ.

తోటకు కాపలా లేకపోలేదు. బాలశౌరి అని ఒక ముసలాయన ఉన్నాడు. పాకలో భార్య ఇన్నాసమ్మతో ఉంటూ, ఆదివారం గుడికి పోతూ, మిగిలిన రోజుల్లో తోట చూసుకునేవాడు. ఒంటి మీద ఈగ వాలితే, అది లేచిపోయేదాకా ఆగే రకం. "శౌరి తాతా, ఆ కొమ్మ కాస్త వంచవా?" అని పిల్లలు అడిగితే, "పడతార్రా, ఉండండి" అని తానే వంచేవాడు.

"నిన్ను కాపలాకి పెట్టుకున్నానా, కాయలు అందించడానికి పెట్టుకున్నానా?" అని పున్నయ్య గదిమితే, "పిల్లలు చెట్టు మీంచి పడితే తమకే చెడ్డపేరు గదండీ అయ్యగారూ" అనేవాడు.

ఇదీ పరిస్థితి. ఇక నూజివీడు బజారు సంగతి. అక్కడొక కొట్టు ముందు పిల్లలు గోలీల దగ్గర తగువుపడి ఒకళ్ళ జుట్టు ఒకళ్ళు పట్టుకుని ఉన్నారు. కొట్టతను అరిచాడు, వాళ్ళు వినలేదు. దారినపోయే పెద్దమనిషి ఒకాయన కర్ర ఎత్తాడు, వాళ్ళు చూడలేదు. అంతలో ఒక పోలీసు జవాను సైకిలు దిగి, దాన్ని గోడకు ఆనించి, కిళ్ళీ కొనుక్కోవడానికి వచ్చాడు. అంతే. జుట్లు వదిలేశారు, గోలీలు వదిలేశారు, బారుగా నిలబడిపోయారు. నోళ్ళు తెరుచుకుని, ఆ ఎర్రటోపీ నుంచి బూట్ల దాకా, బూట్ల నుంచి మళ్ళీ టోపీ దాకా చూస్తూ ఉండిపోయారు.

పున్నయ్య చూసింది అంతవరకే. జవాను లోపలికి వెళ్ళాక ఒక పిల్లాడు నెమ్మదిగా సైకిలు దగ్గరకు పోయి, ఆయన చెయ్యి ఆనిన చోట తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకున్నాడు. అది చూసి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కాని పున్నయ్య అప్పటికే మలుపు తిరిగిపోయాడు. బుర్రలో ఒక గొప్ప సత్యం మెరిసినవాడు వెనక్కి తిరిగి చూడడు.

"పిల్లకాయలకి మనుషులంటే భయం లేదు. బట్టలంటే భయం!" అనుకున్నాడు.

యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వదిలించుకున్న సామాను అప్పటికింకా కొట్లలో గుట్టలుగా పడి ఉండేది. రగ్గులు, నీళ్ళ సీసాలు, ఎవరి కాలికీ పట్టని బూట్లు. పున్నయ్య ఆ గుట్టలో చెయ్యిపెట్టి ఒక ఖాకీ చొక్కా, ఒక నిక్కరు, ఇత్తడి బిళ్ళ ఉన్న బెల్టు, ఒక పక్క అంచు మడిచిన టోపీ, ఒక ఈల, ఒక జత బూట్లు లాగాడు. గడ్డి సంగతి పూర్తిగా మరిచిపోయి ఇంటికొచ్చాడు.

ఆ బట్టలు చూసి భార్య మాణిక్యమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ఎవరో చచ్చిపోయినవాడి గుడ్డల్లా ఉన్నాయి."

"నోరు ముయ్యి. ఇవి యుద్ధంలో గెలిచినవాడి బట్టలు."

"గెలిచినవాడు బట్టలెందుకు వదిలేసి పోయాడట?"

దీనికి పున్నయ్య దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు మగవాళ్ళు తోటకు పోతారు. అతనూ పోయాడు.

బాలశౌరి ఆ చొక్కాను రెండు చేతులతో పట్టుకుని, ఎవరి బిడ్డనో ఎత్తుకున్నట్టు నిలబడ్డాడు. "అయ్యగారూ, ఇది సర్కారు బట్ట గదండీ. తప్పేమో."

"సర్కారే అమ్మేసింది. అమ్మిందాన్ని తొడుక్కుంటే తప్పేంటి?"

"భుజం మీద ఎవరిదో నంబరుందండీ."

"ఇకనుంచి అది నీ నంబరే. తొడుక్కో."

నిక్కరులో ఇంకో బాలశౌరికి కూడా చోటుంది. బెల్టు బిగిస్తే అది లంగా కుచ్చిళ్ళలా తిరిగింది. బూట్ల దగ్గరకొచ్చేసరికి అసలు విషయం బయటపడింది, రెండూ ఎడమకాలివే. కాని వాటితో నాలుగడుగులు వేసేసరికి బాలశౌరి నడకకు ఎక్కడలేని ఠీవి వచ్చింది. కుడికాలు ఎక్కడ పడుతుందో నమ్మకం లేక, ప్రతి అడుగూ ఎత్తెత్తి నేల అదిరేటట్టు వేస్తున్నాడు. పున్నయ్య కళ్ళకు అది అచ్చం కవాతు.

ఇన్నాసమ్మ పాకలోంచి బయటికొచ్చి, ఎదురుగా ఉన్న ఆకారాన్ని చూసి గబగబా శిలువ గుర్తు వేసుకుంది.

"నేనేనే" అన్నాడు బాలశౌరి.

ఆమె తేరిపార చూసింది. "నువ్వైతే మాత్రం? ఆ బూట్లతో అలికిన ఇంట్లోకి రాకు."

మొదటిరోజు తోటలో పిట్ట కూత తప్ప మరో చప్పుడు లేదు. ఒక్క పిల్లాడు రాలేదు, ఒక్క కాయ పోలేదు. పున్నయ్య ఆనందంతో ఇంటికొచ్చి మరో ముద్ద ఎక్కువ తిన్నాడు. నిజానికి పిల్లలందరూ వచ్చారు. కంచె అవతల బోర్లా పడుకుని, తిండి మాట మరిచిపోయి, ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. చుట్టూ ఎవరూ లేరనుకుని బాలశౌరి ఒకసారి చెట్టుకు సలాం కొట్టి చూసుకున్నాడు. కంచె వెనక నుంచి పెద్ద నిట్టూర్పు వినిపించింది. గాలేమో అనుకున్నాడు.

రెండో రోజు సరోజ కంచె దాటి తిన్నగా వచ్చింది. బాలశౌరి చూస్తుండగానే చెట్టెక్కి, ఒక కాయ కోసి, దిగి, అతని ముందు నిలబడి రెండు చేతులూ చాపింది.

"తాతా, నేను దొంగతనం చేశాను."

"ఎప్పుడు పాపగారూ?"

"ఇప్పుడేగా! కలెక్టరుని కోశాను. చూడు."

"పోన్లెండి. తినెయ్యండి."

"తినెయ్యడమేంటి? నువ్వు పోలీసువి. అరెస్టు చెయ్యి."

"తమరు అయ్యగారి అమ్మాయి గదండీ..."

"చట్టానికి అయ్యగారి అమ్మాయేంటి తాతా?"

స్వరాజ్యం వచ్చాక నూజివీడు తాలూకాలో చట్టం గురించి ఇంత ఖరాఖండీగా మాట్లాడిన మనిషి మరొకరు లేరు. బాలశౌరికి ఏం చెయ్యాలో తోచలేదు. తోచక ఈల ఊదాడు. దాని మోతకు తానే ఉలిక్కిపడి, సరోజ చెయ్యి పట్టుకుని ధన్ ధన్‌మని అడుగులు వేస్తూ పాక దాకా తీసుకుపోయాడు. ఇన్నాసమ్మ ముంతెడు మజ్జిగ ఇచ్చింది. అది తాగించి విడుదల చేశాడు.

కంచె వెనక పిల్లలు ఇదంతా చూశారు. మనిషి పుట్టుకకు ఇంతకన్నా సార్థకత ఏముంటుందో వాళ్ళకు తోచలేదు.

మర్నాడు పున్నయ్య తోటకు వచ్చేసరికి పాక ముందు పిల్లలు బారులు తీరి ఉన్నారు. ఆ బారు కంచె దాటి, డొంకలోకి వంపు తిరిగింది. ప్రతివాడి చేతిలోనూ కాయ ఉంది. కాయ లేకపోతే దొంగతనం లేదు, దొంగతనం లేకపోతే అరెస్టు లేదని సరోజ ముందే చెప్పి ఉంచింది.

"ఏంటిది శౌరీ?" అన్నాడు పున్నయ్య.

"దొంగలండీ."

"ఇంతమందా!"

"ఇంకా దారిలో ఉన్నారండీ. ముసునూరు నించి కూడా బయల్దేరారంట."

అరెస్టులు ఆ క్షణమే ఆపెయ్యమని పున్నయ్య హుకుం జారీ చేశాడు. అంతే, ఆ మధ్యాహ్నానికి తల్లులు ఇంటి మీదికి వచ్చిపడ్డారు. ముందున్నావిడ చంకలో బిడ్డతో, చేతిలో ఏడుస్తున్న పెద్దవాడితో నిలదీసింది.

"మావాడేం పాపం చేశాడండీ, వాణ్ణి అరెస్టు చెయ్యలేదంట?"

"ఏ పాపమూ చెయ్యలేదనేనమ్మా!"

"చెయ్యకపోవడమేంటి? తెల్లారి లేచి కాయ కోసుకొచ్చాడు, ఇదిగో. కామందుల పిల్లలు కోస్తే దొంగతనం, మావాళ్ళు కోస్తే లెక్కలేదా? ఆఖరికి దొంగతనంలో కూడా మాకు న్యాయం లేదా అండీ?"

"అడుగు వదినా, అడుగు" అన్నారు వెనకున్నవాళ్ళు.

ఈ ప్రశ్నకు కాంగ్రెసువాళ్ళ దగ్గరే జవాబు లేదు, పున్నయ్య దగ్గరెక్కడ ఉంటుంది? అరుగు మీద కూలబడి తల పట్టుకున్నాడు. అలా పట్టుకున్న తలలో రెండో గొప్ప సత్యం మెరిసింది. దొంగలకు శిక్ష ఉంటుంది గదా! జైల్లో రాళ్ళు కొట్టిస్తారు. ఇక్కడ కాయలు కోయిస్తే?

మర్నాటి నుంచి తోటలో కొత్త చట్టం వచ్చింది. అరెస్టయిన ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ కాయలు కోసి గంపలకెత్తాలి. పున్నయ్య భయపడ్డట్టు ఎవరూ మొహం ముడుచుకోలేదు. శిక్ష కూడా ఉందని తెలిశాక అరెస్టు గౌరవం ఇంకా పెరిగింది. బాలశౌరి ఈల వేస్తే చెట్టు చుట్టూ చేరేవారు. రెండో ఈలకు పెద్దవాళ్ళు చిక్కం కట్టిన గడకర్రలు ఎత్తితే, చిన్నవాళ్ళు కింది కొమ్మలు చూసుకునేవారు. మూడో ఈలకు పక్క చెట్టు. కాయ కింద పడితే దెబ్బతింటుందని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకునేవారు. ఖాకీ తాత చూస్తున్నాడు గదా!

పున్నయ్య పులకించిపోయాడు. అంతకన్నా పులకించిపోయి, ఏటా కోతకు వచ్చే కూలీలను మాన్పించేశాడు.

"మరి మా సంగతేంటండీ?" అన్నాడు కోతగాళ్ళ మేస్త్రీ హనుమయ్య.

"మీరూ దొంగతనం చెయ్యండి, చూద్దాం" అని పున్నయ్య తన చమత్కారానికి తానే నవ్వుకున్నాడు.

మాణిక్యమ్మ మాత్రం నవ్వలేదు. "పనిచేసేవాళ్ళ నోరు కొట్టకండి. ఆ నోరు ఊరుకోదు" అంది.

ఆవిడ అన్నట్టే ఆ నోరు ఊరుకోలేదు. హనుమయ్య నూజివీడులో కాఫీ హోటలు బల్ల మీద కూర్చుని, వినేవాళ్ళు దొరగ్గానే గోడు వెళ్ళబోసుకున్నాడు.

"మమ్మల్ని మాన్పించేశాడండీ పున్నయ్యగారు. పిల్లల్తో పటాలం కట్టాడు. ఖాకీ వేసుకున్నోడొకడు ఈల ఊదడం, వీళ్ళు బారుగా నిలబడి కలెక్టర్లని కోసి పడెయ్యడం. చూస్తా ఉండండి, శుక్రవారానికి ఒక్కటీ మిగలదు."

పక్క బల్ల దగ్గర ఇడ్లీ తింటున్న ఒక మనిషి చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. ఆ రోజుల్లో అటు నైజాం సరిహద్దు రగులుతోంది, ఇటు కమ్యూనిస్టుల కోసం ఊళ్ళన్నీ గాలిస్తున్నారు. ఇద్దరు కలిసి తుమ్మితే సంఘం పెట్టారని కేసు రాసే రోజులు. దక్షిణాది జిల్లాల నుంచి ప్రత్యేకంగా పోలీసుల్ని దింపారు. ఇడ్లీ తింటున్నతను ఆ పోలీసుల వేగువాడు. చిత్తూరు వైపు మనిషి. వాళ్ళ వైపు ఆ కాయను బెంగుళూరు కాయ అంటారు. కలెక్టరంటే ఒక్క కలెక్టరే.

అతను చెయ్యి కూడా కడుక్కోకుండా పరుగెత్తాడు. రిపోర్టు ఇచ్చేటప్పుడు హనుమయ్య మాటల్లో పెద్దగా ఏమీ మార్చలేదు. పటాలాన్ని దళం అన్నాడు, "ఒక్కటీ మిగలదు" అన్నదాన్ని "ఒక్కడూ మిగలడు" అని వ్యాకరణం సరిదిద్దాడు.

శుక్రవారం పొద్దెక్కేవేళకు తోటలో కోత జోరుగా ఉంది. కాయలు గుట్టగా పడుతున్నాయి. పున్నయ్య కొత్త కండువా వేసుకుని గట్టు మీద నిలబడి, వచ్చే ఏడు ఇంకో రెండు తోటలు, ఇంకో రెండు జతల ఖాకీ తీసుకుందామని ఆలోచిస్తున్నాడు. అప్పుడు డొంకలో దుమ్ము లేపుకుంటూ ఒక లారీ వచ్చి ఆగింది. అందులోంచి తుపాకులు పట్టుకున్న జవాన్లు దబదబా దూకారు.

"నిజం పోలీసులు!" అని సరోజ కేకేసింది.

పిల్లలకు స్వర్గం లారీలో దిగినట్టయింది. జవాన్లు నేల మీద బోర్లా పడి, తుపాకులు ముందుకు చాపి, పొదల మాటున పాక్కుంటూ తోటను చుట్టుముడుతున్నారు. పిల్లలూ పరుగెత్తి వచ్చి, వాళ్ళ పక్కనే బోర్లా పడి పాకడం మొదలుపెట్టారు.

"ఏయ్, పోండి! దెబ్బలు తగుల్తాయి!" అని ఒక జవాను పళ్ళ బిగువున కసిరాడు.

"ఎవర్ని పట్టుకోవాలండీ? మేం చూపిస్తాం" అన్నాడొక బుడతడు, అంతే రహస్యంగా.

దక్షిణాది నుంచి వచ్చిన సబిన్‌స్పెక్టరు లక్ష్మీనరసింహారావు చేతిలో పిస్తోలుతో పున్నయ్య ముందుకొచ్చి నిలబడ్డాడు. అరెస్టుల విషయంలో పేరుపడ్డ మనిషి. పున్నయ్య, తోట చూడటానికి ఎవరో పెద్ద ఆఫీసరు వచ్చాడనుకుని వంగి దండం పెట్టాడు.

"ఈ తోటలో కలెక్టర్ని కోస్తున్నారని మాకు తెలిసింది. నిజమేనా?"

"చిత్తం. పొద్దున్నించీ అదే పనండీ."

సబిన్‌స్పెక్టరు ఒకడుగు వెనక్కి వేశాడు. ఇంత తేలిగ్గా ఒప్పుకున్న విప్లవకారుణ్ణి ఆయన అంతవరకు చూడలేదు. "ఇదే మొదటిసారా?"

"అబ్బే! ఏటా కోస్తామండీ. మా నాన్నగారి హయాం నించీ ఉన్నదే."

"తెల్లవాళ్ళ కాలంలో కూడానా?"

"అప్పుడు ఇంకా బాగుండేవండీ. మంచి బలంగా, కండపట్టి. ఈమధ్యవి కాస్త నీరసం. చీడ ఎక్కువైంది."

"కోసి ఏం చేస్తారు?"

"గంపల్లో పెట్టి, మీద గడ్డి కప్పి బెజవాడ పంపిస్తామండీ. దెబ్బతిన్నవి ఉంటే ముక్కలు కొట్టించి ఇంటికి. మా ఆవిడ ఊరేస్తుంది."

సబిన్‌స్పెక్టరు మొహం మీద చెమట పట్టింది. వెనకున్న హెడ్డు కానిస్టేబులు నోరు చేత్తో మూసుకున్నాడు. "మీ ఆవిడ... ఊరేస్తుందా?" అన్నాడు సబిన్‌స్పెక్టరు.

"తమరికి కావాలంటే ఒక జాడీ పంపిస్తానండీ" అన్నాడు పున్నయ్య భక్తిగా.

ఇదంతా వింటున్న సరోజ, పాపం పోలీసాయన ఎంతసేపని అడుగుతాడులే అని, గుట్టలోంచి మంచి కాయ ఒకటి ఏరి తెచ్చి ఆయన పిస్తోలు పక్కన పెట్టింది. "ఇదిగోండి కలెక్టరు. దోరగా ఉంది, తినండి."

ఆయన కాయ వైపు చూశాడు, గుట్ట వైపు చూశాడు. పొదల్లోంచి జవాన్లు బిగబట్టుకున్న నవ్వులు కప్పల బెకబెకల్లా వినిపించాయి.

పొరపాటు పడ్డామని చెప్పి వెనక్కి వెళ్ళిపోవచ్చు. కాని తుపాకులతో లారీడు మనుషుల్ని వేసుకుని బయల్దేరిన అధికారి ఉత్త చేతులతో తిరిగి వెళితే పైవాళ్ళకు ఏం చెబుతాడు? ఆయన చుట్టూ చూశాడు. చెట్టు పక్కన, ఎడమకాలి బూట్లలో నిలబడ్డ బాలశౌరి కనిపించాడు. ప్రాణం లేచొచ్చింది.

"వీడికీ యూనిఫారం ఎవరిచ్చారు? సర్కారు ఉద్యోగి వేషం కట్టడం నేరమని తెలియదూ?"

బాలశౌరి పున్నయ్య వైపు చూశాడు. పున్నయ్య ఆకాశం వైపు చూశాడు.

"నాకేం తెలీదండీ" అన్నాడు. "ముసలాడు, బుద్ధిలేక ఎక్కడో సంపాదించి తొడుక్కున్నట్టున్నాడు. నేనీ పూటే చూడటం."

ఎన్నో ఏళ్ళ నుంచి తోట కాస్తున్న బాలశౌరి ఆ మాటకు తల దించుకున్నాడే గాని నోరు విప్పలేదు. నోరు విప్పింది సరోజ.

"అబద్ధం! మా నాన్నే కొన్నాడు. నూజివీడులో కొన్నాడు. అమ్మ వద్దంది కూడా. అబద్ధమాడితే పోలీసులు పట్టుకుంటారు నాన్నా!"

కూతుళ్ళకు చదువు చెప్పిస్తే ఇంతేనని పున్నయ్య మనసులో పళ్ళు కొరుక్కున్నాడు. సబిన్‌స్పెక్టరు మాత్రం ఆ పిల్ల తల నిమిరాడు. "ఈయనే ముద్దాయి, లారీ ఎక్కించండి. ఈ కాయలు సాక్ష్యం, వీటినీ ఎక్కించండి."

సాక్ష్యం అన్న మాట వినగానే జవాన్లకు ఎక్కడలేని ఓపిక వచ్చింది. గుట్ట మీద పడ్డారు. గంపలకెత్తినవి ఎత్తగా మిగిలినవి జేబుల్లో కుక్కారు, చెట్ల మీద మిగిలినవాటిని దులిపారు. ఒకతను ఇన్నాసమ్మ దగ్గరకు పోయి ఉప్పూ కారం అడిగి తెచ్చుకున్నాడు. ఎవరి నోరూ ఖాళీగా లేదు. మీసాల మీద సొన, గడ్డాల మీద రసం.

పిల్లలు కదలకుండా నిలబడి చూస్తున్నారు. వాళ్ళ మొహాల్లో వెలుగు కొంచెం కొంచెంగా తగ్గింది.

"తాతా, వాళ్ళు దొంగతనం చేస్తున్నారు. అరెస్టు చెయ్యి" అంది సరోజ.

"వాళ్ళు పోలీసులమ్మా."

"అయితే? కాయ కోస్తే అరెస్టు గదా! నువ్వే మమ్మల్ని చేశావుగా."

బాలశౌరి పిల్లల వైపు చూశాడు. అందరి కళ్ళూ అతని మీదే ఉన్నాయి. పుట్టి ఇన్నేళ్ళయింది, అతని వైపు అలా చూసినవాళ్ళు ఎవరూ లేరు. యజమాని ఇప్పుడే అబద్ధమాడి వదిలేశాడు, కాసేపట్లో ఈ బట్టలూ పోతాయి. ఎలాగూ పోయేదానికి భయమెందుకనుకున్నాడో ఏమో, ఈల నోట్లో పెట్టుకుని ఊపిరంతా బిగించి ఊదాడు.

తోట దద్దరిల్లింది. జవాన్లకు ఈల ఎవరు ఊదారో చూసే అలవాటు లేదు. వాళ్ళకు నేర్పింది విన్న వెంటనే నిలబడటం. ఒక్క క్షణంలో అందరూ బారు తీరి, మడమలు కలిపి, ఛాతీలు విరిచి, బిగుసుకుపోయారు. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. అటెన్షన్‌లో నమలకూడదు, ఉమ్మకూడదు. మెడల మీదుగా రసం నెమ్మదిగా ఖాకీలోకి దిగుతోంది. ఈల విన్న హడావుడిలో హెడ్డు కానిస్టేబులు కాయతోనే సెల్యూటు కొట్టాడు.

పిల్లలు వరసలో వచ్చి, ఎంతో మర్యాదగా ఒక్కొక్కరి చేతిలోంచి, జేబులోంచి కాయలు తీసి గుట్టలో వేశారు. ఎవరూ నవ్వలేదు. చట్టం పనిచేస్తున్నప్పుడు నవ్వకూడదని వాళ్ళకు తెలుసు.

"ముందు ఆ ఈల లాక్కోండి!" అని లక్ష్మీనరసింహారావు అరిచిన అరుపుకు కొమ్మ మీది కాకులు లేచిపోయాయి. అరిచాడు గాని ఎవరూ కదల్లేదు, అటెన్షన్ నుంచి వాళ్ళను ఇంకా ఎవరూ వదలలేదు. చివరికి ఆయనే వెళ్ళి ఈల తీసుకున్నాడు.

తరువాత చొక్కా, నిక్కరు, టోపీ, బెల్టు లారీ ఎక్కాయి. బాలశౌరి గోచీతో నిలబడి, బూట్లు విప్పిన కుడికాలి వేళ్ళను విదిలించుకున్నాడు. ఆ కాలు అతనికి చాలా రోజుల తరువాత దొరికింది. పిల్లలు ఏరిపెట్టిన కాయలన్నీ మళ్ళీ సాక్ష్యంగా మారి లారీ ఎక్కాయి, వాటి మధ్య పున్నయ్య ఎక్కాడు. ముసలాణ్ణి ఎక్కించడానికి మాత్రం సబిన్‌స్పెక్టరుకు ధైర్యం చాలలేదు. ఈల లేకపోయినా వీడు నోటితో ఊదగలడేమోనన్న అనుమానం ఆయనకు తోచింది.

నూజివీడు దాకా దారి గతుకులు. లారీ ఎగిరినప్పుడల్లా కాయలు దొర్లుతున్నాయి, దొర్లినప్పుడల్లా ఎవరో ఒకరు పట్టుకుంటున్నారు. పట్టుకున్నది మళ్ళీ గంపలో వెయ్యడం లేదు. పున్నయ్య ఏడుపు మొహం చూసి ఒక జవానుకు జాలి కలిగింది. కాయను చీల్చి ఉప్పద్ది ఇచ్చాడు.

"తినవయ్యా, పర్లేదు. మీ తోటదే గదా."

పున్నయ్య తిన్నాడు. ఆ ఏడు తన తోట కాయ రుచి చూడటం అదే మొదలు.

స్టేషను చేరేసరికి లారీలో టెంకలు, తొక్కలు మిగిలాయి. లక్ష్మీనరసింహారావు దిగొచ్చి చూశాడు. జవాన్లు చెట్ల వైపు చూశారు. ఆయన తన మీసానికి అంటిన కారం తుడుచుకున్నాడు. సాక్ష్యం లేనిదే కేసు నిలవదు. అసలిది కేసుగా పైకి పోతే కలెక్టరుగారు చదువుతారు, చదివి నవ్వుతారు.

"పో" అన్నాడు పున్నయ్యతో. "ఇంకోసారి కలెక్టర్లని కోసేటప్పుడు, వాటిని కాయలంటారని ముందు మాకు చెప్పి కొయ్యి."

పున్నయ్య ఊరి వైపు నడుస్తూ సగం చచ్చిపోయాడు. కాయ పోయింది, పరువు పోయింది, నమ్ముకున్న మనిషి ముందు మొహం చెల్లదు. ఎవరి కంటా పడకూడదని రోడ్డు వదిలి పొలాల గట్ల మీద వచ్చాడు. అయినా గోగులపాలెం పొలిమేరలో పిల్లలు ఉండనే ఉన్నారు. అతన్ని చూడగానే పరుగెత్తుకొచ్చి, గట్టుకు రెండువైపులా బారులు తీరి, మడమలు కలిపి సెల్యూటు కొట్టారు.

ఎగతాళి చేస్తున్నారనుకున్నాడు పున్నయ్య. కాదు. ఆ మొహాలు నూజివీడు బజారులో జవాను ముందు నిలబడ్డ మొహాల్లాగే ఉన్నాయి.

"మావయ్యా, నిన్ను నిజం లారీ ఎక్కించారు గదా!"

"తుపాకులోళ్ళ మధ్య కూర్చోబెట్టారా?"

"నిన్ను ముద్దాయి అన్నారు గదా! మేం విన్నాం."

సరోజ వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది. "మా నాన్నే" అని అందరికీ చెప్పింది. అంతకుముందు ఆ పిల్ల ఆ మాట ఇంత గర్వంగా ఎప్పుడూ అనలేదు. పున్నయ్య అనుకోకుండానే కండువా సర్దుకున్నాడు. ఇంటి ముందుకు వచ్చేసరికి నడక కూడా మారింది. మాణిక్యమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని గడపలో నిలబడి ఉంది.

"కాళ్ళు కడుక్కోండి. ఊరి పిల్లలు మీకు దండం పెట్టడం నేనెప్పుడూ చూడలేదు, మరికాసేపు చూడనివ్వండి. శౌరి పాక దగ్గరకి మాత్రం రేపు మీరే వెళ్ళండి. మీ బదులు నేను తప్పయిందని చెప్పలేను."

మర్నాడు పున్నయ్య వెళ్ళాడు. వెళ్ళి, బాలశౌరి ముందు చాలాసేపు నిలబడి, చివరికి తోటలో గాలి బాగుందన్నాడు. బాలశౌరి అవునండీ అన్నాడు. ఇన్నాసమ్మ మజ్జిగ ఇవ్వలేదు. క్షమాపణ కింద పున్నయ్యకు తెలిసింది అంతే. పిల్లలకు చెప్పే కథ మాత్రం చెప్పినకొద్దీ పెరిగింది. ఆ వారం తిరిగేసరికి ఒక లారీ రెండు లారీలైంది, సబిన్‌స్పెక్టరు డియస్పీ అయ్యాడు, పున్నయ్య ఆయన్ను ఎదిరించి మాట్లాడాడు.

జూన్‌లో బడి తెరిచాక జోజిబాబు మేష్టారు ఏటా అడిగినట్టే పిల్లల్ని అడిగారు, పెద్దయ్యాక ఏమవుతారర్రా అని. నిరుడు పోలీసులమవుతామని గోలగోలగా అరిచిన పిల్లలందరూ ఈసారి లేచి, చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా "ముద్దాయిలమవుతామండీ" అన్నారు.